గిడసబారిన మొక్క: నేరమెవ్వరిది?

ఒకడు వెనుకబడినచో మనము మొదట చూచునది వానిని. వాడు నిలిచిన నేలను గాదు. పిల్లవాడు చదువలేకపోయిన మందబుద్ధి యందుము. కూలివాడు పైకి రాకపోయిన సోమరి యందుము. ఆడుపిల్ల నోరు విప్పకున్న అది స్త్రీస్వభావ మందుము. ఇట్లనుట మిక్కిలి సులభము. ఏలయన, లోపము వారిలోనే యున్నదని తేల్చితిమా, మనము చేయవలసినది మఱేమియు మిగులదు. ఈ తీర్పు న్యాయమైనదా యని నేను చిరకాలము విచారింపలేదు. ఇరువదియేండ్లుగా బడిపంతులుద్యోగము చేయుచు, సంస్కృతమున కొంత, ఆంగ్లమున కొంత తర్కము చదివియు, ఈ ప్రశ్న నాకు తోచలేదు. తుదకు దానిని నా ముందు నిలిపినది రెండడుగుల యెత్తు దాటని యొక పూలమొక్క.

మా బడి పటాన్‌చెరువునుండి సంగారెడ్డికి పోవు మార్గమునకు సమీపమున నున్నది. ఈ ప్రాంతము 1970 దశకమునుండి పరిశ్రమలతో నిండినది. మార్గమునకు ఇరుప్రక్కల కర్మాగారములు. వాని ద్వారములయొద్ద నున్నగా కత్తిరించిన పచ్చని పొదలు. వానిని చూచి మాకును ముచ్చట కలిగినది. క్రొత్తగా ప్రహరీగోడ కట్టించిన వత్సరమున, గోడవెంట పొట్టిరకపు నూఱువరహాల మొక్కలు ఇరువది నాలుగు తెప్పించి నాటించితిమి. గోదావరియొడ్డున కడియపులంక తోటలలో పెరిగి లారీలమీద వచ్చిన మొక్కలవి. వచ్చిననాడు ఒక్కొక్క యాకు అద్దమువలె మెఱయుచుండెను.

నూఱువరహాలు మనకు క్రొత్త మొక్క గాదు. దక్షిణభారతమును సింహళమును దాని పుట్టినిండ్లు. ఎఱ్ఱని నాలుగేసి రేకుల పూలు గుత్తులుగా విరియగా, కాసులు రాసిపోసినట్లుండుటచేత గాబోలు మనవారా పేరు పెట్టిరి. 1753లో లిన్నేయసు పండితుడు దీని జాతికి ఇక్సోరా యను నామమును స్థిరపఱచెను. అది ఈశ్వరశబ్దమును పోర్చుగీసువారు పలికిన తీరునుండి పుట్టినదని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మా బడిపిల్లలకు ఈ చరిత్ర యక్కఱలేదు. పూవు కోసి, సన్నని కాడను లాగి, తుదనున్న తేనెబొట్టును నాలుకపై వేసికొనుటయే వారికి దాని మహిమ.

మొక్కలు నాటిన నాలుగవమాసమున ఆకులు పసుపుబాఱినవి. ఎదుగుదల నిలిచిపోయెను. నేను మొదట మొక్కలు తెచ్చినవానిని నిందించితిని. పిదప మొక్కలనే నిందించితిని. ఎరువు చాలలేదని యెరువు వేయించితిని. నీరు చాలలేదని గొట్టపుబావినీరు రెండుపూటల పోయించితిని. ఎంత పోసితిమో అంత పాలిపోయినవి. పొట్టిరకము గదా, ఇంతకన్న నేమి పెరుగునని తుదకు చేతులు దులుపుకొంటిని.

వ్యవసాయశాస్త్రము చదివిన మిత్రుడొకడు ఆ దారిని వచ్చి, మొక్కలయెదుట కూర్చుండి ఒక్క ప్రశ్న యడిగెను: "పసుపుబాఱినవి ముసలియాకులా, లేతయాకులా?" అన్నిదినములు చూచుచున్నను నేను దానిని చూడలేదు. చూడగా, క్రింది ముసలియాకులు పచ్చగానే యున్నవి. కొనల చిగురుటాకులు మాత్రము పసుపుబాఱినవి. వానిలోను ఈనెలు పచ్చగానుండి, ఈనెల నడిమి భాగము వెలవెలబోయినది. "నత్రజని తక్కువైనచో మొక్క ముసలియాకునుండి దానిని తీసి లేతయాకున కిచ్చును; అందుచేత ముసలియాకు ముందు వాడును. ఇనుమునట్లు తరలించుట మొక్క చేతగాని పని. ఇనుము కొఱతపడినచో క్రొత్తగా పుట్టినదే బాధపడును," అని అతడు చెప్పెను.

నేను నవ్వితిని. భూమిపైపొరలో నూటికి ఇంచుమించు 5 పాళ్లు ఇనుమే గదా, ఈ నేలలో ఇనుమునకు కఱవేమని యంటిని. అతడు పిడికెడు మన్ను తీసి చూపెను. అందు సున్నపుబెడ్డలు, సిమెంటుపెళ్లలు కలసియున్నవి. గోడ కట్టిన మేస్త్రీలు మిగిలిన చెత్తనంతయు ఆ కాలువలోనే పూడ్చిరి. మేము చూచియు ఊరకుంటిమి. నూఱువరహాలు పులుపుగల నేలను కోరునది. సున్నముతో నేల క్షారమైనచో, ఇనుము మన్నులోనే యున్నను నీట కరుగదు. కరుగనిదానిని వేరు త్రాగలేదు. మా గొట్టపుబావినీటి చౌడుగుణము ఆ దోషమును హెచ్చించినది. మఱియొక వింత: ఆకుపచ్చని పదార్థములో ఇనుము లేదు, కాని ఇనుము తోడు లేక ఆ పదార్థము తయారుగాదు. ధాన్యపుకొట్టునకు తాళమువైచి, వాకిట నిలిచినవాడు చిక్కిపోయినాడని వెక్కిరించినట్లుండెను నా వ్యవహారము.

అప్పటినుండి పొట్టితనము మూడు విధములని నాకు తోచినది. మొదటిది జన్మముచేత వచ్చినది. మా మొక్క పొట్టిరకము. ఎంత మంచినేల దొరకినను దాని యెత్తు రెండు మూడడుగులే. ఇది లోపము గాదు. ఆ యెత్తుననే అది నిండుగా పూయును. దానిని లాగి పొడుగు చేయబూనువాడు అవివేకి. రెండవది కత్తెరచేత వచ్చినది. పెద్దరకపు నూఱువరహాలు మనిషియెత్తు దాటి పెరుగగలవు. కర్మాగారముల ద్వారములయొద్ద వానిని నెలనెల కత్తిరించి నడుమెత్తు గోడలుగా నిలుపుదురు. ఈ మొక్కకు పూగుత్తి కొమ్మకొననే వచ్చును. కొనను మాటిమాటికి నఱికినచో పూవు పుట్టకమునుపే పోవును. అందుచేత ఆ పొదలు ఏడాది పొడుగున పచ్చగానుండును, పూయవు. అణకువ యని మనము మెచ్చుకొను గుణములలో కొన్ని యిట్టివే. మూడవది నేలచేత వచ్చినది. దీనిని గిడసబాఱుట యందురు. చూచువానికి మూడును ఒక్కతీరుగనే యుండును. కాని మొదటిదానియెడ మన ధర్మము గౌరవము. రెండవదానియెడ కత్తెర దింపుట. మూడవదానియెడ నేలను బాగుచేయుట. ఒకదానిని మఱియొకటిగా పొరబడుటయే అన్యాయమునకు మూలము.

పొరబడినవాడను గనుకనే వ్రాయుచున్నాను. ఆ వత్సరమే నా తొమ్మిదవతరగతిలో నొక బాలిక యుండెను. మొదటి గంటలోనే బల్లమీద తలవాల్చి నిద్రించును. లెక్క చెప్పుమనిన తడబడును. ఆటలలో నాలుగడుగులు పరుగెత్తి కూలబడును. నేనామెను తరగతియెదుట సోమరి యంటిని, ఒకసారి గాదు. చదువు నీకు తలకెక్కదు, ఇంటిపని చేసికొమ్మని కూడ నంటిని. ఆమె తలవంచుకొని వినెను.

మాఘమాసమున వైద్యసిబ్బంది వచ్చి పిల్లల నెత్తురు పరీక్షించిరి. ఆమెకు తీవ్రమైన రక్తహీనత యని తేలినది. పొద్దున నేమి తిని వచ్చెదవని యపుడుగాని నేనడుగలేదు. "పొద్దుగాల చాయ తాగి వస్త సార్. అమ్మ నైట్ డ్యూటీకెల్లి వచ్చెటాల్లకు తమ్మునికి వండిపెట్టాలె," అని చెప్పెను. బడిలో వారమునకొకమారు ఇచ్చు నీలిరంగు ఇనుపమాత్రను మ్రింగుచుండెనట. కాని కడుపు త్రిప్పకుండుటకై దానిని ఇంటికి కొనిపోయి చాయతో మ్రింగుచుండెనట. చాయలోని వగరు పదార్థము ఇనుమును పట్టివేసి ఒంటికి ఎక్కనీయదని వైద్యురాలు చెప్పగా, నా చెవిలో సున్నపుమన్ను మాటలే మోగినవి. ఇనుమున్నది, అందుట లేదు. లేతయాకును పసుపుబాఱితివేమని నేను కోపించుచుంటిని.

ఇది యొక యింటి కథ గాదు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, దేశమున 15 మొదలు 19 ఏండ్ల వయసు బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. చుట్టును ఇనుమును కరగించి యంత్రములు పోతపోయు సీమలోనే, ఆ యంత్రములయొద్ద రాత్రులు నిలిచిన తల్లుల కూతుండ్ర నెత్తురులో ఇనుము లేదు.

ఇక ఆక్షేపణలు వినవలెను. నేరమంతయు నేలమీద వేసినచో పురుషప్రయత్నమున కర్థమేమి, కష్టములలోనుండియు పైకి వచ్చినవారు లేరా యని కొందఱందురు. ఉన్నారు, వారికి నమస్కారము. మా యిరువదినాలుగు మొక్కలలోను రెండు ఆ సున్నపుమన్నులోనే పచ్చగా నిలిచినవి. వాని వేళ్లు చెత్తపొరను దాటి క్రిందినేలను తాకినవేమో. కాని ఆ రెంటిని చూపి తక్కిన యిరువదిరెంటిని శిక్షింపవచ్చునా? ప్రయత్నము గొప్పది, నిజమే. అయితే ప్రయత్నమునకును నెత్తురు కావలెను. ప్రయత్నించుమని యొకనికి చెప్పుటకు మనకు అధికారము కలుగుట, ప్రయత్నింపగలిగిన స్థితిని వానికి కల్పించిన పిదపనే.

రెండవ యాక్షేపణ మఱింత ప్రాతది, మఱింత ప్రమాదకరమైనది. ఏ నేలకు తగిన మొక్కను ఆ నేల నాటవలెను. నూఱువరహాలకు ఈ నేల సరిపడదు, తీసివైచి గన్నేరు నాటుడు. తోటమాలికిది మంచి సలహాయే. కాని దీనినే మనుష్యులకు అన్వయించి మన దేశము వేలయేండ్లు నడచినది. వీరికి చదువు తగదు, వారికి మడి తగదు, స్త్రీకి స్వాతంత్ర్యము తగదని స్వభావము పేర తీర్పులు వెలువడినవి. తోటమాలి నూఱువరహాల స్వభావమునెట్లు ఎఱిగెను? మంచినేలలో అది యెట్లు పెరుగునో పలుమాఱులు చూచి యెఱిగెను. మనము ఎవరి స్వభావమును గూర్చి తీర్పు చెప్పితిమో, వారికి మంచినేల నిచ్చి యెన్నడు చూచితిమి? సున్నమును తీసి, కత్తెరను దింపి, పిదప మిగిలిన పొట్టితనమునే స్వభావ మనవలెను. అంతవఱకు స్వభావమని వాదించువాడే దానిని రుజువు చేయవలెను, గిడసబాఱినవాడు గాదు.

చికిత్సలోను ఇట్టి భేదమే కలదు. మిత్రుడు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకులపై చల్లుమనెను. చల్లితిమి, వారము దినములలో ఆకులు పచ్చబడినవి. మేము సంతోషించితిమి. కాని ఆకుపై చల్లినది ఆ యాకునకే. తరువాత పుట్టిన చిగురు మరల పసుపుబాఱినది. దానధర్మములన్నియు నిట్టివే. అవి వలదనను, ప్రాణము నిలుపునవి అవియే. కాని ఏటేట చల్లుచు నేలను ముట్టకున్నచో, మన పుణ్యము పెరుగునుగాని మొక్క పెరుగదు.

నేల యనగా దైవమిచ్చినది మాత్రమే గాదని మఱవరాదు. పటాన్‌చెరువున 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ పరిశోధనాక్షేత్రమున ఎఱ్ఱనేలయు నల్లరేగడియు ప్రక్కప్రక్కననే కలవు. అవి ప్రకృతి చేసిన భేదములు. మా గోడప్రక్క నేలను చెఱచినది ప్రకృతి గాదు, మేము. ఈ సీమయందలి నక్కవాగును చెఱచినదియు మనుష్యులే. దాని కాలుష్యవివాదము 1990లో సర్వోన్నత న్యాయస్థానమువఱకు పోయినది. 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో, ఇచట సుమారు 90 ఔషధోత్పత్తిదారుల మురుగును శుద్ధిచేసి విడిచిన నీటియందు సిప్రోఫ్లాక్సాసిన్ అను ఔషధము లీటరునకు 31 మిల్లీగ్రాములవఱకు కనబడినది. ఆ మందు సేవించు రోగి నెత్తురులో నుండు మోతాదుకన్న నిది యెక్కువ. అట్టి నీరు చేరిన వాగు మంజీరలో కలియును. ద్వారమున పచ్చనిపొద పెంచుట మంచిదే. వెనుకవైపున వాగు చచ్చుచుండగా ముందువైపు పొదను చూపి తృప్తిపడుట మాత్రము ఆత్మవంచన. గృహములలోను ఇట్టి ముందువైపులు, వెనుకవైపులు లేవా యని చదువరులు తమ్ము తామే యడిగికొందురుగాక.

ఒక్క విషయమున మొక్కకును మనిషికిని పోలిక చెల్లదు. మొక్క మాటాడలేదు, ఆకు చూచి మనమే గ్రహింపవలెను. మనిషి మాటాడగలడు. అడుగుట యొక్కటే మన పని. ఆ యొక్కపని నేను ఆఱునెలలు చేయలేదు.

వేసవిలో కాలువ త్రవ్వించి చెత్తను బండ్లమీద తోలించితిమి. ఎఱ్ఱమన్నును ఆకుకుళ్లిన యెరువును నింపి, గోడకు రెండడుగులు ఎడముగా మొక్కలను మరల నాటితిమి. అయిదు చచ్చినవి. తక్కినవి నేడు పూయుచున్నవి. ఎత్తు మాత్రము రెండడుగులే. ఆ బాలిక మాత్రను భోజనానంతరము బడిలోనే మంచినీటితో మ్రింగుచున్నది. ఉసిరికాయ యొకటి కొంగున కట్టి తెచ్చుకొనును. ఆమె నెత్తురు బాగుపడుచున్నదిగాని యింక పూర్తిగా బాగుపడలేదు. పొద్దుటి వంట యింకను ఆమెదే. పదవతరగతి మొదటిదినమున, ఏ తరగతియెదుట ఆమెను సోమరి యంటినో ఆ తరగతియెదుటనే, నేనన్నమాట తప్పని చెప్పితిని. ఆమె మునుపటివలెనే తలవంచుకొని వినెను. ఆ వంచిన తల జన్మముచేత వచ్చినదో, నా కత్తెరచేత వచ్చినదో, నే నిప్పటికిని చెప్పజాలను.