ఊఁ కొట్టు స్నేహితుడు

(ధ్యానమునకు: లూకా 24:13–35)



మన పల్లెలలో రాత్రి భోజనమైన తరువాత అవ్వ మనుమనికి కథ చెప్పును. ఆమె పెట్టు షరతు ఒక్కటే: "ఊఁ కొట్టాలె బిడ్డా." ఊఁ ఆగినచోట కథయు ఆగును. కథకు ప్రాణము చెప్పువానియందు సగము, వినువానియందు సగము ఉన్నదని ఆ చదువురాని అవ్వ ఎరుగును.

కరీంనగర్ ప్రాంతమున ఒగ్గుకథ చెప్పువాడు ఒంటరిగా చెప్పడు. ప్రక్కన మాటకు మాట అందించువాడు ఉండవలెను. ఆదిలాబాదులో గోండుల వంశకథలను పర్ధానులు కిక్రి వాయించుచు తరతరములుగా పాడుచున్నారు. వినెడి గోండులు లేనిదే పర్ధానుకు పాట లేదు. పర్ధాను లేనిదే గోండులకు తమ పూర్వుల సంగతి అందదు. మన విశ్వాసము వేరైనను ఈ బంధమునుండి మనము నేర్వవలసినది కలదు.

మన సంఘములో చెప్పుటకు కొరత లేదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయములో రంగుగాజు కిటికీలు సహా ప్రభువు జననమును, సిలువను, ఆరోహణమును అక్షరము రానివారికి చెప్పుచున్నవి. కొరత వినుటలోనే యున్నది. ఆ కొరత మొదట నాలోనే కనుగొంటిని.

నేను ఒక పల్లెకు క్రొత్తగా వచ్చిన దినములలో ఒక వృద్ధ సహోదరుడు ఆరాధనకు వచ్చుట మానియుండెను. వారమువారము అతని యింటికి పోయి తప్పిపోయిన కుమారుని ఉపమానము చెప్పితిని. సెమినరీలో నేర్చిన వివరణలన్నియు చెప్పితిని. అతడు తల వంచుకొని ఊరకుండెను. ఒక సాయంకాలము మెల్లగా అనెను: "అయ్యగారూ, మీ కథలన్నీ విన్న. నా ముచ్చట ఒక్కనాడన్న అడిగిండ్రా? తిరిగొచ్చిన కొడుకు కథ మీరు చెప్పినప్పుడల్లా నా పానం కొట్టుకుంటది. దుబాయి నుంచి నా కొడుకు పెట్టెల వచ్చిండు."

కుమారుడు చనిపోయెనని ఎరుగుదును. ఎట్లు చనిపోయెనో, ఆ తండ్రి ఎట్లు బ్రతుకుచున్నాడో ఎన్నడును అడుగలేదు. స్వస్థపరచు కథనే నేను గాయము మీద రాయివలె వేసితిని. ఆ రాత్రి బోధింపలేదు. మంచము అంచున కూర్చుండి ఊఁ మాత్రము కొట్టితిని.

ఎమ్మాయు త్రోవలో ప్రభువు ఏమి చేసెను? యెరూషలేములో జరిగిన సంగతులు ఆయన దేహమందే జరిగినవి. అయినను క్లెయొపాను, అతని తోటివానిని అవి యేవని అడిగెను. వారి దుఃఖమును, విరిగిపోయిన ఆశను కడవరకు వినెను. తరువాతనే లేఖనములు విప్పెను. వారి మందబుద్ధిని గద్దింపకపోలేదు. వినుట అనగా సత్యమును దాచుట కాదు. అయితే విన్నవాని గద్దింపు వేరు, విననివాని గద్దింపు వేరు. అందుచేతనే వారు ఆయనను విడువక, తమయొద్ద ఉండుమని బలవంతము చేసిరి.

యోహాను 15:15 చూడుడి. ప్రభువు శిష్యులను స్నేహితులని పిలుచుటకు కారణము, తండ్రివలన విన్నవన్నియు వారికి తెలియజేయుటయే. మన ప్రభువు సహా మొదట విన్నవాడు, తరువాత చెప్పినవాడు.

ఆ వృద్ధుడు తరువాతి ఆదివారమున రాలేదు. కాని నేను మరల వెళ్లినప్పుడు అతడే అడిగెను: "కూసోండ్రి అయ్యగారూ. మరియ ముచ్చట చెప్పుండ్రి. ఆమె గూడ కొడుకును పోగొట్టుకున్నది గద." ఈసారి నేను సిలువ కథ చెప్పుచుండగా ఊఁ కొట్టినవాడు అతడు.

ప్రియులారా, మీ వాడలో ఎవరి ముచ్చట ఇంకను ఎవరును వినలేదు? ఈ మాసములో ఆ గడప ఎక్కుడి. వాక్యము చెప్పుటకు తొందరపడకుడి. మొదట అడుగుడి, తరువాత వినుడి.

ప్రార్థన: ప్రభువా, మా మొరలన్నియు ఓపికతో వినువాడవు నీవు. పొరుగువాని మాట వినునట్టి చెవిని మాకు దయచేయుము. ఆమేన్.