ఫలకము, ప్రమాణము

కాకినాడకు దక్షిణమున, గౌతమీ గోదావరి సముద్రమును చేరు చోట, 235 చదరపు కిలోమీటర్లకు పైగా వ్యాపించి 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడిన కోరింగ మడయడవిలో, చెక్కవంతెనపై నడచు యాత్రికునకు దారి ప్రక్కనున్న ఫలకము ఏమి బోధించుచున్నదను ప్రశ్న పైకి అధికారుల లెక్కగా తోచినను, శబ్దము వలన జ్ఞానమెట్లు కలుగునను మన తార్కికుల ప్రాచీన విచారముతో ముడివడియే యున్నది.

చదివినది జ్ఞాపకమున్నచో ఫలకము సఫలమని కొందరి మతము. అందుచేతనే పరీక్షకులు తిరిగిపోవువారిని నిలిపి, మడచెట్ల వేళ్ళు నేలపైకి ఏల లేచినవని, సముద్రపు తాబేళ్ళు ఏ దీవి యిసుకలో గ్రుడ్లు పెట్టునని అడిగి, సరియైన సమాధానములను లెక్కింతురు. ఫలకమును చూచినవారికిని చూడనివారికిని తెలివిలో భేదము గలదో లేదో తేల్చుటకు ఈ పద్ధతి అవసరమే. కాని బదులు చెప్పినవాడు చెట్టును చూచెనో, ఫలకమును మాత్రమే చూచెనో ఈ లెక్కలో తేలదు.

తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున, వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి హేతువులని చెప్పెను. వాక్యమునకు విధించిన యీ నియమములు ఫలకమునకును చక్కగా చెల్లును. గాలి చొరని బురదనుండి నిక్కి నిలిచిన శ్వాసమూలములను చూచి యివి యేమని యాత్రికుడు తలపోయు తావుననే బదులుండినచో ఆకాంక్ష తీరును. నీటికుక్కలు తిరుగునని మాత్రమే వ్రాసిన చోట మిట్టమధ్యాహ్నమున వాని జాడయే కానరానిచో, ఆ వ్రాత ప్రత్యక్షముచే బాధితమై యోగ్యతను కోల్పోవును. అవి యే వేళల వచ్చునో, బురదలో వాని యడుగులెట్లుండునో చెప్పినచో నిలుచును. పాలు కంటబడిన చూపునకే చేటు తెచ్చు తిల్లచెట్టును గూర్చిన హెచ్చరిక ఆ చెట్టు చెంత గాక ప్రవేశద్వారమున నుండినచో సన్నిధి లోపించును.

అయినను తెలిసినవాడెల్ల తెలిసినట్లు నడచుకొనునా? ఆ యభయారణ్యపు అంచుననున్న చొల్లంగిలో పుష్య బహుళ అమావాస్యనాడు స్నానమాడి సప్తసాగర యాత్రకు బయలుదేరు జనులను నడిపించునది ఫలకము కాదు, గోదావరిని ఋషులు ఏడు పాయలుగా కొనిపోయిరను స్థలపురాణము. అది వేళ్ళను గూర్చి యేమియు చెప్పదు. కాని నీట అడుగిడుటకు ముందు శిరసు వంచుట నేర్పును. ఫలకమో, మడల నీడలో చేపపిల్లలు, రొయ్యలు పెరుగునని, గాలివానల ఉధృతి తగ్గునని తెలుపును గాని శిరసు వంచుట నేర్పజాలదు. నమస్కరించిన చేతితోనే చెత్త పారవైచువారును, అన్నియు చదివి కొమ్మ విరుచువారును గలరు కావున, ఈ రెండింటిలో ఏదియు తనంత తాను సంపూర్ణము కాదు.

అమెరికా జాతీయోద్యానములను గూర్చి వ్రాసిన ఫ్రీమన్ టిల్డెన్, సమాచారమొక్కటియే వ్యాఖ్యానము కాజాలదని 1957లోనే హెచ్చరించెను. మన వేదాంతులు శ్రవణమునకు పిమ్మట మనన నిదిధ్యాసనములను విధించుటయు నిందులకే. కావున ఫలకమును పరీక్షింపదలచినవారు యాత్రికుని జ్ఞాపకమును ప్రశ్నించుటతో తృప్తి చెందక, చదువుట ముగిసిన పిమ్మట వాని చూపు చెట్టువైపు మరలెనా, చేయి కొమ్మను విడిచెనా యని గమనింపవలెను. శబ్దము ప్రత్యక్షమునకు దారి చూపి, ఆ ప్రత్యక్షము నియమముగా పరిణమించినప్పుడే ఫలకము ప్రమాణమను పేరునకు తగును.