ఫిట్టరు సంచీ

బోడుప్పల్‌లో ఒక ఫిట్టరు ఉండేవాడు. నాచారం పారిశ్రామికవాడలో ముప్పై ఏళ్లు లేత్ మిషను మీద పనిచేశాడు. చూపు కాస్త మందగించాక ఒక విశ్వవిద్యాలయంలో చిన్న కొలువు దొరికింది. పొద్దున్నే ఉప్పల్ చౌరస్తాలో బస్సు పట్టుకొని వెళ్లి, అక్కడి పరిశోధనశాలల్లో పాడైన మోటార్లూ పంపులూ బాగుచేసి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాడు.

ఆ విశ్వవిద్యాలయంలో ఒకప్పుడు ఏ విభాగం సామాను ఆ విభాగానిదే. రసాయనశాస్త్రం వాళ్లు కొన్న మిషనునే పక్క భవనంలో భౌతికశాస్త్రం వాళ్లూ కొన్నారు, పై అంతస్తులో జీవశాస్త్రం వాళ్లూ కొన్నారు. మూడింటి మీదా గుడ్డ కప్పి ఉండేది. మూడు తాళంచెవులూ ముగ్గురు ప్రొఫెసర్ల జేబుల్లో ఉండేవి. ఒకటి చెడిపోతే బాగుచేసే మనిషి లేడు. ఆ మనిషికి ఇవ్వాల్సిన జీతం మూడో మిషను కొనడానికే ఖర్చయిపోయింది.

కొత్తగా వచ్చిన వైస్ చాన్సలర్ ఇది చూసి నొచ్చుకున్నాడు. పెద్ద భవనం ఒకటి కట్టించి, ఖరీదైన పరికరాలన్నీ అందులోకి చేర్పించాడు. ఏసీలు పెట్టించాడు. పని తెలిసిన ఆపరేటర్లను వేయించాడు. ఎవరికేం కావాలన్నా ఒక ఫారం నింపాలన్నాడు. పరికరం పేరు, ఎన్ని గంటలు, ఎన్ని నమూనాలు, ఏ ప్రాజెక్టు ఖాతా అన్నీ రాయాలి. కింద గైడు సంతకం, విభాగాధిపతి సంతకం, స్టోర్ సంతకం. మేలు జరిగిన మాట నిజమే. మిషన్ల మీది గుడ్డలు తొలగాయి, ఒకే వస్తువును మూడుసార్లు కొనడం ఆగింది, ఏడాది తిరిగేసరికి లెక్కలు ముచ్చటగా తేలాయి.

రెండో ఏడాది చివర ఆయన ఫారాల కట్ట ముందేసుకొని కూర్చున్నాడు. ఎవరు ఏం అడిగారో చూస్తూ పోతే, అంతా నిరుడు అడిగినవే మళ్లీ అడిగారు. కొత్త పని ఒక్కటీ కనబడలేదు. ఫారం నింపడం కష్టమై ఉంటుందనుకొని దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాడు. పాత పనులే తొందరగా జరిగాయి. కొత్త ఆలోచనకు బహుమతి ప్రకటించాడు. ఆ బహుమతికి కూడా ఒక ఫారం పెట్టాడు.

ఆ రోజుల్లోనే నల్లగొండ జిల్లా నుంచి ఒక అమ్మాయి పరిశోధనకు వచ్చి చేరింది. వాళ్ల ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లకు పళ్లు గారపడతాయి, ఎముకలు వంగిపోతాయి. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే పద్ధతిని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించి, దానికి నల్లగొండ పేరే పెట్టారు. ఆ అమ్మాయి ఇంకో దారి పట్టింది. కరెంటు అక్కర్లేకుండా, చేత్తో పంపు కొడితే పల్చటి పొర గుండా నీళ్లు వడకట్టే పరికరం చేయాలనుకుంది. పొర తయారైంది. కానీ పంపు కొట్టినప్పుడల్లా ఒత్తిడి ఒక్కసారిగా ఎగిసి, మరుక్షణమే పడిపోయేది. ఆ కుదుపుకు పొర అంచు దగ్గర చిరిగేది. అలా పదకొండు పొరలు చిరిగాయి.

ఆమె పెద్ద భవనానికి వెళ్లింది. ఫారంలో మొదటి గడి పరికరం పేరు. ఏ పరికరం కావాలో తెలిస్తే ఆమె కష్టం సగం తీరినట్టే. తెలియదు కనుక ఆ గడి వదిలేసి మిగతావి నింపింది. ఖాళీ గడి ఉన్న ఫారాన్ని కంప్యూటర్ తీసుకోలేదు.

ఫిట్టరుకు ఒక అలవాటుండేది. సాయంత్రం నాలుగింటికి టీ తాగి, సంచీ భుజాన వేసుకొని, ఎవరూ పిలవకపోయినా ల్యాబుల వెంట ఒక చుట్టు తిరిగి వచ్చేవాడు. సంచీలో వాషర్లు, పైపు ముక్కలు, ఒక పాత గేజీ ఉండేవి. ఒకరోజు బల్ల మీద చిరిగిన పొరలు చూసి ఆగాడు. ఏ పరికరం కావాలని అడగలేదు. ఏం చేయాలనుకుంటున్నావని అడిగాడు. స్టూలు లాక్కొని కూర్చొని, ఆమె పంపు కొడుతుంటే చాలాసేపు చూశాడు.

అతని చిన్నతనంలో ఉప్పల్ చుట్టుపక్కల ఇన్ని ప్లాట్లు లేవు, ద్రాక్షతోటలుండేవి. అనాబ్-ఎ-షాహీ పందిళ్ల కింద అతని తండ్రి వీపుకు పంపు తగిలించుకొని, మైలుతుత్తమూ సున్నమూ కలిపిన బోర్డో మిశ్రమం కొట్టేవాడు. చెయ్యి ఆగి ఆగి ఆడినా మందు మాత్రం ఆగకుండా, ఒకే తీరుగా పడేది. ఆ పంపులో ఒక గాలిగది ఉంటుంది. కొట్టినప్పుడు అందులోని గాలి నలిగి ఒత్తిడిని దాచుకుంటుంది, చెయ్యి ఆగినప్పుడు దాచుకున్నది తిరిగి ఇస్తుంది. ఫిట్టరుకు అది గుర్తొచ్చింది.

మర్నాడు అతను నాచారంలో తాను పనిచేసిన పాత షెడ్డుకు వెళ్లాడు. తుక్కులోంచి లావుపాటి పైపు ముక్క ఏరి, రెండు వైపులా మూతలు బిగించి, గాలి కారకుండా చూసుకొని తెచ్చాడు. పంపుకూ పొరకూ మధ్య దాన్ని అమర్చాడు. ఆ అమ్మాయి పంపు కొట్టింది. గేజీ ముల్లు ఎగిరి పడలేదు, ఒకచోట నిలిచి సన్నగా వణికింది. పన్నెండో పొర చిరగలేదు.

కొన్ని నెలలకు ఆడిట్ వాళ్లు వచ్చారు. ల్యాబులో ఒక పైపు ఉంది, రిజిస్టరులో లేదు. ఇండెంటు లేదు, కొటేషన్లు లేవు. పిలవని చోటికి ఫిట్టరు ఎందుకు వెళ్లాడన్నదానికి జవాబు లేదు. అతనికి మెమో ఇచ్చారు. దాని నకలు వైస్ చాన్సలర్ బల్ల మీదికి చేరింది.

ఆయన దాని మీద సంతకం పెట్టలేదు. వారం రోజులు నాలుగింటికల్లా బయటికి వచ్చి ఫిట్టరు వెనకాలే నడిచాడు. తన గదిలో ఎన్నడూ వినని సంగతులు ఆ వారంలో విన్నాడు. కింది అంతస్తులో ఒకరిని వేధిస్తున్న చిక్కును పై అంతస్తులో మరొకరు ఏడాది కిందటే విడదీసి ఉన్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఫిట్టరుకు ఇద్దరూ తెలుసు.

ఉప్పల్ రోడ్డు మీది పాత సంగతి ఒకటి ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. 1993లో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించిన వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, టీకాల శాస్త్రం చదువుకున్న మనిషి కారు. హెపటైటిస్-బి టీకాను ఇక్కడే చేయాలని బయలుదేరిన ఆ సంస్థకు మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, తర్వాత హబ్సిగూడలోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం)లోనూ పరిశోధనకు చోటు దొరికింది. 1997లో షాన్‌వాక్-బి పేరుతో ఆ టీకా వచ్చింది. దిగుమతి టీకా కొనలేని ఇళ్లకు కూడా అది అందింది. చోటిచ్చిన నాటికి టీకా లేదు. ఉన్నదల్లా చేయాలన్న పట్టుదల, పనికి ఒక బల్ల.

వైస్ చాన్సలర్ పెద్ద భవనాన్ని అలాగే ఉంచాడు. కదపలేని మిషన్లు కదలకుండా ఒకచోట ఉండటమే మంచిది. అయితే పని తెలిసిన మనుషులను మాత్రం రోజూ నాలుగింటికి ల్యాబులకు పంపాడు. ముందు ఖర్చుపెట్టి తర్వాత పుస్తకంలో రాసుకునేలా వాళ్ల చేతికి కొద్దిపాటి డబ్బిచ్చాడు. శనివారం శనివారం వాళ్లంతా కూర్చొని, ఎవరు ఏం చూశారో ఒకరికొకరు చెప్పుకునే ఏర్పాటు చేశాడు. ఫారంలో మొదటి గడి మార్పించాడు. పరికరం పేరు ఉన్నచోట, ఏం చేయాలనుకుంటున్నారన్న ప్రశ్న చేరింది.

ఫిట్టరు మెమో పారేయలేదు. కాగితం దళసరిగా ఉందని సంచీలో వాషర్లు చుట్టి పెట్టుకోవడానికి వాడుకున్నాడు.

నీతి: సామానును ఒకచోటికి చేరిస్తే డబ్బు మిగులుతుంది, పని తెలిసిన మనిషిని ప్రయోగం చేసేవాళ్ల దగ్గరికి నడిపిస్తే కొత్తది పుడుతుంది. ఏం కావాలో పేరు పెట్టి అడగగలిగినవాళ్లు లోకంలో ఇప్పటికే ఉన్నదాన్ని అడుగుతారు, లేనిదాన్ని వెతికేవాళ్లకు అడగడానికి పేరు దొరకదు. పరిశోధనకు తోడు నిలవాలనుకునేవాళ్లు ఆ ఖాళీ గడినే ముందు చదవాలి.