రెండు టికెట్లు, ఒకే మనిషి

పాలకొల్లు నుంచి బెజవాడకి ఒక టికెట్టు, బెజవాడ నుంచి కాశీకి ఇంకొకటి. వేరువేరు రోజుల్లో తీశాను. రెండూ కలపమని కౌంటర్లో ఇస్తే గుమాస్తా తలెత్తి, "మాస్టారూ, ఈయనా ఆయనా ఒకరేనా?" అన్నాడు. ఒక ఫారంలో ఇంటిపేరు రాశాను, రెండోదాంట్లో మరిచిపోయాను. తప్పు నాదే. రెండోది రద్దు చేసి మళ్ళీ తీయాల్సొచ్చింది.

ఈ కలపడం 2019 ఏప్రిల్ 1 నుంచి ఉంది. మొదటి బండి ఆలస్యమై రెండోది అందకపోతే, ఎక్కని బండి డబ్బు కోత లేకుండా వాపసిస్తారు. కౌంటర్ టికెట్టయితే దిగిన మూడు గంటల్లోగా అప్పగించాలి. దిగిన స్టేషన్లోనే రెండోది ఎక్కాలి, పేరూ వయసూ రెండింట్లో సరిపోవాలి. 

ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి, ఆ గుమాస్తా ప్రశ్నకి మాత్రం జవాబు తోచలేదు. ఈ జన్మ ఒక టికెట్టు, వచ్చే జన్మ ఇంకో టికెట్టు అనుకుందాం. మరి రెండింటిమీదా ఉన్న పేరు ఎవరిది? మిలిందుడనే యవన రాజు ఇదే అడిగితే బౌద్ధ భిక్షువు నాగసేనుడు దీపం చూపించాడు. తొలిజామున వెలిగిన జ్వాలా, తెల్లవారుజామున వెలిగేదీ ఒకటి కాదు, అలాగని వేరూ కాదు. అక్కడితో ఆగినా బాగుండేది. మామిడిపళ్ళ దొంగ కథా చెప్పాడు. "తోటవాడు పాతింది టెంక, నేను కోసింది పండు, అది ఇది కాదు" అని దొంగ వాదిస్తాడు. చెల్లదు, ఆ టెంక వల్లే ఈ పండు గనక శిక్ష తప్పదు. తర్కంలో లోపం లేదు. కానీ చూడండి, రెండు జన్మలకీ ముడి వేసింది బాకీ వసూలుకి. రైల్వేవాళ్ళూ ముడే వేస్తారు, అయితే మొదటి బండి చేసిన ఆలస్యం రెండో టికెట్టు నెత్తిన పడకుండా ఉండటానికి.

ఇదంతా నాకెందుకు పట్టిందంటే, మా మరదలి కొడుక్కి చెవులు వినబడవు. వాడి ఉయ్యాల వేడుకనాడు, నలుగురిలో, "పూర్వజన్మలో ఏం చేసుకున్నాడో" అన్నాను. జాలితోనే అన్నాననుకున్నాను. ఆ పిల్ల రెండేళ్ళు మా గడప తొక్కలేదు. తొమ్మిది నెలలు మోసిన తల్లి ఎదుట, ఎవరూ చూడని ఒక ప్రయాణం తాలూకు జరిమానా రశీదు చదివి వినిపించాను నేను. కర్మ లేదని ఇప్పటికీ అనను. నా చేతులు చేసింది నాకు తగులుతుందని నమ్ముతాను. ఇంకొకరి టికెట్టు అడిగి చూసే పని నాకెవరిచ్చారన్నదే నా ప్రశ్న.

బండి బెజవాడకి వేళకే వచ్చింది. రెండు గంటలు ప్లాట్‌ఫారం మీదే కూర్చుని పులిహోర తిన్నాం. కాశీలో ఏదో ఒకటి వదలాలి కదా, కాకరకాయ వదిలేస్తానన్నాను.

"మీరు ఎప్పుడు తిన్నారు గనక? ఆ రోజు అన్న మాట వదిలెయ్యండి" అంది మా ఆవిడ, పొట్లం కాగితం మడుస్తూ.