తుపాకి ఎవరిది, వేలు ఎవరిది?

పోయిన వేసవిలో ప్రొద్దుటూరు బస్టాండులో నా పాత విద్యార్థి ఒకడు కనిపించాడు. మా ఎరుకల పిల్లోడే. జమ్మలమడుగు వైపు నేను పనిచేసిన బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. ఇప్పుడు పులివెందుల దగ్గర ఒక చీనీ తోటలో రాత్రి కాపలా. టీ తాగుతూ ఫోనులో ఒక ఫోటో చూపించాడు.

"ఎట్లుంది సార్?"

పాత వేట రైఫిల్. నల్లబడిన కొయ్య, ట్రిగ్గర్ చుట్టూ ఇనుప కడియం లాంటి లీవర్. దాన్ని కిందికి తోస్తే కాల్చిన తూటా ఖాళీ బయటపడుతుంది, పైకి లాగితే కొత్త తూటా గొట్టంలోకి పోతుంది. తోట యజమానికి మూడు తుపాకులు ఉండేవట. 2019 చివర్లో ఆయుధాల చట్టం మారి, ఒకరి పేరు మీద రెండే ఉండాలన్నప్పుడు ఒకటి అప్పగించాడు. తాత నాటి ఈ రైఫిల్‌ను మాత్రం వదల్లేదు. ఇప్పుడు మావాడితో, "ఇదొకటి, డబుల్ బ్యారెల్ ఒకటి. ఏది కావాలో తీసుకో. భుజాన వేసుకొని తోట చుట్టూ తిరుగు" అన్నాడట.

"నాకు ఇదే నచ్చింది సార్. ఏది తీసుకోమంటావు?"

నిజం చెప్పాలి. ఆ ఫోటో నాకూ నచ్చింది. చిన్నప్పుడు విన్న వేట కథలన్నీ గుర్తొచ్చాయి. ఇలాంటి లీవర్ రైఫిల్‌తోనే, .405 వించెస్టర్‌తో, కెన్నెత్ ఆండర్సన్ మన దక్షిణాది అడవుల్లో తిరిగాడు. మన పక్కనున్న శేషాచలం కొండల్లోని చామల లోయ పులి కథ 1954లో వచ్చిన ఆయన మొదటి పుస్తకంలో ఉంది. వేట కథల్లో తుపాకి పేరు ఉంటుంది, తూటా కొలత ఉంటుంది. అడుగుజాడ చూసి దారి చెప్పినవాడి పేరు చాలాసార్లు ఉండదు. ఆండర్సన్ కొంత నయం, బైరా అనే అడవి మనిషి పేరుతో ఒక అధ్యాయమే రాశాడు.

అదే కాలంలో మన తాతల చేతుల్లో ఏముండేవి? వల, ఉచ్చు, ఈటె, వెంట రెండు కుక్కలు. 1878 ఆయుధాల చట్టం కింద దేశీయుడికి తుపాకి కావాలంటే లైసెన్సు ఉండాలి, తెల్లవాళ్లకు మొదట్లో మినహాయింపు. 1911 నేరస్థ తెగల చట్టం మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చి, మన ఎరుకలవాళ్లను పుట్టుకతోనే దొంగలను చేసింది. రాత్రిపూట హాజరు పలకాల్సిన బతుకు. దొరది వేట, మనది దొంగతనం. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. చట్టం పోయినా, ఊళ్లో ఏదైనా పోతే ముందు మన గుడిసెల వైపు చూసే చూపు పోవడానికి చాలా ఏళ్లు పట్టింది. కొన్నిచోట్ల ఇంకా పోలేదు.

ఇదంతా చెప్తే మావాడు ఊరుకోలేదు. "అందుకే సార్, మన భుజానా ఒకటి ఉండాల. వాళ్లకుంటే గౌరవం, మనకుంటే నేరమా? అల్లూరితో పోయినోళ్లు మనోళ్లు కాదా?"

ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజుతో కలిసి మన్యం గిరిజనులు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి తుపాకులు తీసుకున్న మాట నిజం. మరి ఆ తుపాకి ఎందుకని వాళ్లను అడిగితే తడుముకోకుండా చెప్పేవాళ్లు. పోడు మీద ఆంక్షలు, రోడ్ల పనుల్లో వెట్టి. వాళ్ల కోపం వాళ్లదే, వాళ్ల వేలూ వాళ్లదే. వాళ్లు చేసింది ఒప్పా తప్పా అని వాదించుకోవచ్చు. ఎవరికోసం చేశారన్న దాంట్లో మాత్రం అనుమానం లేదు.

అందుకే మావాడిని అడిగాను. "ఏ తుపాకి అన్నది తర్వాత. ఎందుకో ఒక్క మాటలో చెప్పు నాయనా."

"అడవిపందులు సార్."

పందుల బాధ నిజమే. రాత్రికి రాత్రి చేను దున్నినట్టు చేసి పోతాయి. కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, పంటను పాడుచేసే జంతువునైనా అటవీ అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా కాల్చకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం మనకు భూమి మీద, అటవీ ఫలసాయం మీద హక్కులిచ్చింది, సంప్రదాయ వేటను మాత్రం ఆ హక్కుల్లో చేర్చలేదు. అది న్యాయమా అని మనం అడగవచ్చు, అడగాలి కూడా. కానీ యజమాని చీనీ చెట్లకోసం మావాడు కాలిస్తే అది మన వేట హక్కు ఎట్లా అవుతుంది?

"దొంగలొస్తే?"

"బస్తా కాయలకు మనిషి ప్రాణం సరిపోతుందా?"

మాట్లాడలేదు. అప్పుడు అసలు సంగతి బయటపడింది. యజమానికి పక్క తోటవాళ్లతో గట్టు తగాదా ఉంది. మన జిల్లాలో ఇలాంటి తగాదాలు ఎక్కడిదాకా పోయాయో పెద్దలకు తెలుసు. ఎన్నికలు రాగానే లైసెన్సు తుపాకులన్నీ స్టేషనులో ఎందుకు అప్పగించమంటారో కూడా తెలుసు. తుపాకి ఆయనది, లైసెన్సు ఆయనది, పగ ఆయనది. వేలు మాత్రం మనది. రేపు కేసు అయితే కాగితం మీద ఎక్కేది ఎవరి పేరు, ఏ కులం?

పని వదిలెయ్యమని చెప్పలేకపోయాను. ఆ జీతం మీద నలుగురు బతుకుతున్నారు, ఆ నలుగురికి నేను అన్నం పెట్టలేను. ఒకటే చెప్పాను. "లైసెన్సులో యజమాని తరఫున తుపాకి మోసేవాడి పేరు ఎక్కించే పద్ధతి ఉంది. నీ పేరు రాయించమని అడుగు. రాయిస్తే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం."

పది రోజులకు ఫోను చేశాడు. "అడిగినా సార్. దానికంత కత ఎందుకురా అన్న్యాడు. రెండూ వద్దని చెప్పినా. పెద్ద టార్చిలైటు, రెండు కుక్కలు ఇప్పించమన్న్యా."

యజమాని కొన్నాళ్లు ముఖం చాటేశాడట. కాపలా మాత్రం సాగుతోంది. కుక్కలను పట్టి నేర్పించడం వాడికి తాత దగ్గర నుంచి వచ్చిన విద్య.

ఈ సంగతి పిల్లలకు, తోటి ఉపాధ్యాయులకు ఎందుకు రాస్తున్నానంటే, మన యువకుల చేతికి ఎవరో ఏదో ఒకటి ఇస్తూనే ఉంటారు. తుపాకి కావచ్చు, జెండా కావచ్చు, ఇంకొకరి కాగితం మీద మన సంతకం కావచ్చు. అందుకోగానే నలుగురూ మనల్ని చూస్తారు, బాగానే ఉంటుంది. అది బాగుందా లేదా అని కాదు, దీనితో జరిగేదానికి నా పేరు రాస్తావా అని అడగడం నేర్పుదాం. ఆ ప్రశ్నకు ఇచ్చేవాడు నీళ్లు నమిలితే, వస్తువు ఎంత అందమైనదైనా తిరిగి ఇచ్చెయ్యాలి.