అసలు రూపు ఏది?

మనం ‘అసలు రూపు’ అనే మాటను చాలా ధీమాగా వాడుతుంటాం. ఇక్కడ పెరిగిన పిల్లవాడి తెలుగులో యాస మారితే, భాష చెడిపోయిందంటాం. ఏ రూపు నుంచి చెడింది?

సప్తర్షి మండలంలో కొసనున్న మరీచికి చేరువగా, సుమారు 3 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఎం 51 అనే గెలాక్సీ ఉంది. 1845లో ఐర్లండులో రాస్ ప్రభువు 72 అంగుళాల అద్దమున్న దూరదర్శినితో దాని సుడిని చూసి బొమ్మ గీశాడు. ఆ సుడి కొసన మరో చిన్న గెలాక్సీ. ఇటువంటి జంటల మధ్య కనిపించే సన్నని వంతెనలు, తోకలు కేవలం ఆకర్షణవల్ల ఏర్పడవని చాలామంది అనుకునేవారు. 1972లో టూమ్రే సోదరులు కంప్యూటరుతో లెక్కకట్టి, ఒకటి పక్కగా దాటిపోతే చాలునని చూపారు. (ఎస్టోనియాలో పుట్టి అమెరికా చేరిన అన్నదమ్ములు, మనకు ముచ్చటే గదా.) అంత పెనుగులాటలోనూ నక్షత్రాలు ఢీకొనడం దాదాపు ఉండదు, వాటి మధ్య ఎడం అంత ఎక్కువ. వాయుమేఘాలు మాత్రం నలుగుతాయి. అక్కడ కొత్త నక్షత్రాలు పుడతాయి.

కనుక కలయిక అంతా మేలే అందామా? అక్కడే మనం తొందరపడతాం. ఆకర్షణ ఇరువైపులా సమానమే అయినా, తక్కువ బరువున్నదే ఎక్కువ చెదురుతుంది. సుడి అందానికి మురిసేవారు పక్కనున్న ఆ చెదిరిన ముద్దను పట్టించుకోరు.

మన ఇళ్ళలో ఆ చిన్నది ఎవరు? పిల్లవాడు కాదేమో. ఫోనులో వాడి మాట సగమే అందుకునే అమ్మమ్మ. “ఏమన్నాడమ్మా?” అని ఆవిడ అడిగితే, మనమే తెలుగులో ఓ మాట అల్లి, వాడన్నాడని చెబుతాం.