అల్లుడూ, ముందు వెలుతురు కొలువు

అల్లుడూ,

దుమ్ముగూడెం, చర్ల వైపు ఫైబరు లైను నీకు అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమేసింది. ఆ అడవి అంచున లైను పడిపోతే పంచాయతీ ఆఫీసుకు వచ్చిన కోయ ముసలమ్మ పని కాక తిరిగి నడిచిపోవాలి. అందుకే నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్తాను, విను.

లింక్ డౌన్ అనగానే స్విచ్ విప్పే అలవాటు నీకు అంటకూడదు. కరెంటు ఉందా, బ్యాటరీ నిలబడుతోందా చూసుకో. అవతలి ఊరికి ఫోన్ చేసి అక్కడ పెట్టె వెలుగుతోందో లేదో అడుగు. ఆ తర్వాత చేతిలోకి తీసుకోవాల్సింది పవర్ మీటరే. లింకు వేసిన రోజు ఎంత వెలుతురు అందిందో పుస్తకంలో రాసుకుని ఉంటే సగం పని అయిపోయినట్టే. అప్పుడు మైనస్ 14 డీబీఎం ఉండి ఇప్పుడు మైనస్ 15 ఉంటే ఫైబరును అనుమానించకు, స్విచ్ వైపు చూడు. మైనస్ 24కి పడిపోతే దారిలోనే ఏదో జరిగింది. ఆ పాత అంకె లేకపోతే నువ్వు చేసేదంతా ఊహే.

వెలుతురు తగ్గితే ముందు ప్యాచ్ కార్డు కొన తుడువు. మన ఎర్రదుమ్ము రేణువు ఒక్కటి చాలు, రెండు కొనల మధ్య నలిగి గాజు మీద గీత పెడుతుంది. చొక్కా అంచుతో తుడవొద్దు, నోటితో ఊదొద్దు. దానికోసమే ఉన్న క్లీనరుతో తుడిచి, మైక్రోస్కోపులో చూసి, అప్పుడే పెట్టు. పచ్చ కొనను నీలం కొనతో ఎప్పుడూ కలపకు. పచ్చదాన్ని ఏటవాలుగా అరగదీస్తారు, రెండూ సరిగ్గా ఆనవు.

తుడిచినా దారికి రాకపోతే 1310, 1550 నానోమీటర్లు రెండింట్లోనూ లాస్ కొలువు. మంచి ఫైబరులో కిలోమీటరుకు 1310 దగ్గర 0.35 డీబీ, 1550 దగ్గర 0.2 డీబీ పోతుంది. అంటే 1550లోనే తక్కువ పోవాలి. అక్కడే ఎక్కువ పోతోందంటే ఎక్కడో ఫైబరు మడత పడింది. ర్యాక్ వెనక బిగించి కట్టిన టై, జాయింట్ పెట్టెలో ఇరుక్కున్న చుట్ట, అలాంటివి వెతుకు. తవ్వకం అక్కర్లేదు.

తెగిందని తేలితే, ఎంత దూరంలో తెగిందో చూపే ఓటీడీఆర్ పెట్టు. అది 6.2 కిలోమీటర్లు చూపించిందని బండి మీటరు చూసుకుంటూ పోయి అక్కడే గుంత తీయకు. అది చెప్పేది ఫైబరు పొడవు, రోడ్డు పొడవు కాదు. ట్యూబులో ఫైబరు కాస్త వదులుగా మెలిదిరిగి ఉంటుంది, ప్రతి జాయింట్ దగ్గరా మీటర్లకొద్దీ చుట్టలు వదిలి ఉంటారు. తెగిన చోటుకు దగ్గరలో నీకు బాగా తెలిసిన జాయింట్ ఏదో చూసి, అక్కడినుంచి లెక్క కట్టు. కుదిరితే రెండో చివర నుంచీ కొట్టి చూడు.

మన తెలంగాణలో మిషన్ భగీరథ పైపుల కోసం తీసిన కందకాల్లోనే టీ-ఫైబర్ డక్టులు వేశారు. తవ్వకం ఖర్చు కలిసొచ్చింది, మంచి ఆలోచన. కానీ రేపు నీళ్ళ పైపు లీకైతే జేసీబీ దిగేది ఆ కందకంలోకే. నీళ్ళ లైను చూసేవాళ్ళతో, రోడ్డు పనుల మేస్త్రీలతో ముందే స్నేహం చేసుకో. తవ్వే ముందు వాళ్ళు నీకు ఒక ఫోన్ కొడితే అంతకన్నా మేలు లేదు. అడవిలో కొత్తగా గుంత తీయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, బీటు ఆఫీసరుకు చెప్పకుండా పార పట్టకు.

సామాను కొనే మాట నీదాకా వస్తే, ఊరి నుంచి ఊరికి సింగిల్ మోడ్ తప్ప ఇంకోటి అడగొద్దు. భూమిలో వేసేదానికి ఎలుక కొరకని ఇనుప తొడుగు కేబులు తీసుకుని, తొడుగుకు ఎర్తింగ్ చేయించు. కరెంటు స్తంభాల మీద వేలాడేదానికి అసలు లోహమే లేనిది కావాలి. పిడుగులు పడే చోట రెండు భవనాల మధ్య రాగి తీగ లాగొద్దు. అది ఎటూ 100 మీటర్లు దాటి పనిచేయదు.

ఎస్‌ఎఫ్‌పి (స్విచ్‌లో దూర్చే లైటు మాడ్యూల్) విషయంలో చాలామంది పొరపడతారు. 20 కిలోమీటర్ల లింకు అనుకో. 1310 దగ్గర ఫైబరులో 7 డీబీ, జాయింట్లకు ఒకటి, కనెక్టర్లకు ఒకటి, వెరసి 9. రేపు తెగితే వేసే అతుకులకు ఇంకో 3 ఉంచుకో. 10 కిలోమీటర్ల ఎస్‌ఎఫ్‌పి దీన్ని మోయలేదు. పోనీ అని 80 కిలోమీటర్లది తెచ్చి పక్క వీధికి పెడితే వెలుతురు ఎక్కువై అవతలి రిసీవర్ దెబ్బతింటుంది. ఒకే ఫైబరు మీద నడిచే జతలో ఒకవైపు 1310 పంపేది, మరోవైపు 1550 పంపేది ఉండాలి. రెండువైపులా ఒకటే పెట్టి రోజంతా కేబులును తిట్టేవాళ్ళున్నారు.

స్విచ్‌కి ఫ్యాను లేనిది, 60 డిగ్రీల వేడికి తట్టుకునేది అడుగు. మామూలువి చాలావరకు 40 డిగ్రీల దాకానే. కొత్తగూడెం ఎండల్లో రేకు పెట్టె లోపల ఎంతుంటుందో నీకు నేను చెప్పాలా? లూప్ పట్టుకునే సదుపాయం తప్పకుండా ఆన్ చేసి ఉంచు. స్కూల్లో ఎవరో ఖాళీగా ఉందని వైరు రెండో కొన కూడా అదే స్విచ్‌లో పెడతారు. ఆ సదుపాయం ఆన్‌లో లేకపోతే లైట్లన్నీ ఒక్కసారే గడగడా కొట్టుకుంటాయి, ఊరంతా ఆగిపోతుంది. అప్పుడు వైర్లు ఒక్కొక్కటే తీస్తూ పో. ఏది తీస్తే శాంతించిందో అదే దొంగ.

గోదారి సంగతి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. పెట్టె ఎక్కడ బిగించినా ఆ ఊరి పెద్దల్ని అడిగి, 2022 నీళ్ళ గుర్తు కన్నా పైన బిగించు. వరద తీశాక మునిగిన జాయింట్లన్నీ, బాగానే నడుస్తున్నా సరే, విప్పి ఆరబెట్టి కొత్త సీలు వెయ్యి. మొదటి హెచ్చరిక రాగానే స్పేర్ ఎస్‌ఎఫ్‌పిలు, ప్యాచ్ కార్డులు చర్లలో పెట్టేసుకో. రోడ్డు మునిగాక భద్రాచలం నుంచి ఎవరూ తేలేరు.

ఇంకొకటి, ఇది మామయ్య మాటగా విను. ఫైబరు కొనలోకి చూడకు. ఆ వెలుతురు కంటికి కనపడదు, కానీ కన్ను దెబ్బతినొచ్చు. కోసిన గాజు ముక్కల్ని టేపుకు అంటించి సీసాలో వెయ్యి, చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకు. రాత్రి అడవి దారిలో ఒంటరిగా పోవద్దు. పొద్దున్నే పోతానని పైవాళ్ళకు గట్టిగా చెప్పు. కోపపడితే పడనీ.

దసరాకు వస్తావుగా, ప్రతి లింకు ఓటీడీఆర్ ట్రేసూ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రా. ఇద్దరం కూర్చుని చూద్దాం.